ఐదో షరతు

జూలై 6, సోమవారం

మధ్యాహ్నం భోజనాల గదిలో టీవీ వార్త. ఈ ఏడాది ఆఖరు దాకా బయటి దేశాల నుంచి పనికోసం ఎవరినీ రానివ్వరు. జబ్బు వల్ల లక్షల మందికి ఉద్యోగాలు పోయాయి కాబట్టి ఉన్న పనులు ముందు ఇక్కడివాళ్లకే అని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది.

ఇస్త్రీ మాస్టారు చప్పట్లు కొట్టాడు. ఆయన అల్లుడికి ఏప్రిల్ నుంచి పని లేదు. కొట్టడం అయ్యాక నన్ను చూశాడు. నీ గురించి కాదు చెల్లెమ్మా, నువ్వు మనదానివైపోయి ఎన్నేళ్లయింది అన్నాడు. ఇరవై ఆరు అన్నాను. చూశావా, ఇక్కడ నాకంటే సీనియర్‌వి అని అందరినీ నవ్వించబోయాడు. మాస్కుల వెనక ఎవరు నవ్వారో ఎవరు నవ్వలేదో తెలియలేదు.

చెల్లి వీసా ఇంటర్వ్యూ పద్నాలుగో తారీఖున ఉంది. ఉండింది.

జూలై 7, ఉదయం 5 గంటలు

ప్రార్థనకు కూర్చున్నాను గానీ మనసు నిలవలేదు. ఉన్నది ఉన్నట్టు రాసుకుంటే నిలుస్తుందేమో.

మేము ముగ్గురం. నేను పెద్దదాన్ని, యాభై నాలుగు నిండాయి. తమ్ముడు ఇదే ఊళ్లో సిటీ బస్సు నడుపుతాడు. చెల్లి ఒక్కతే అక్కడ, మా దేశంలో, ఉండిపోయింది. దానికి నలభై ఒకటి. మొగుడితో పొసగక పదేళ్ల కిందట బయటికి వచ్చి, రెండు మెషిన్లతో స్కూలు యూనిఫారాలు కుట్టే షాపు పెట్టుకుంది. మార్చిలో స్కూళ్లు మూసేశాక యూనిఫారం కావలసిన పిల్లలే లేరు.

నేను చేసేది ఆసుపత్రుల బట్టలు ఉతికే లాండ్రీలో. ఐదు ఆసుపత్రుల దుప్పట్లు, గౌన్లు, తెరలు ఇక్కడికే వస్తాయి. బేస్‌మెంట్‌లో కుట్టు గది నాది, దానికి సూపర్‌వైజర్ని. ఉతికి ఆరినవాటిలో చిరిగినవన్నీ కిందికి వస్తాయి, బాగైనవి పైకి వెళ్తాయి. మూడు మెషిన్లున్నాయి. ఒకామె రిటైరైంది. ఒకామె జబ్బుకు భయపడి మానేసింది. ఇప్పుడు కుట్టే మనిషిని నేనొక్కతెనే. గౌన్లు చూస్తే రెండింతలయ్యాయి.

ఏప్రిల్లో మేనేజరే అన్నాడు, మీ చెల్లెలు కుడుతుందన్నారు కదమ్మా, పిలిపించండి అని. ఆఫర్ లెటర్ వెళ్లింది. చెల్లి షాపు ఎత్తేసింది. మెషిన్లు రెండూ అమ్మేసింది.

అమ్మకముందు నన్ను అడిగింది. అమ్మెయ్ అన్నాను.

అదే రోజు, సాయంత్రం

ఫోన్ చేశాను. ఏడవలేదు. అది ఏడవదు, వెటకారం చేస్తుంది. నన్ను చూసే గేటు మూశారా, అందరికీనా అని అడిగింది. అందరికీ అన్నాను. అయితే అవమానం లేదులే అంది.

పిన్ని కూతురి ఇంట్లో ముందు గదిలో ఉంటోంది. సూట్‌కేసు సర్ది మంచం కిందకు తోసిపెట్టింది. ఆ ఇంటాయన పొద్దున్నే టీ గ్లాసు చేతికిస్తూ ప్రయాణం ఎప్పుడమ్మా అని అడుగుతాడట. ప్రేమగానే అడుగుతాడు పెద్దక్కా, ఆ ప్రేమకే చస్తున్నా అంది.

జూలై 9, గురువారం

మేనేజర్ పైకి పిలిచాడు. ఉత్తర్వులో చిన్న సందు ఉందట. ఆసుపత్రికి సంబంధించిన పనై ఉండి, దానికి ఇక్కడివాళ్లెవరూ దొరకలేదని చూపిస్తే, బయటి మనిషికి మినహాయింపు ఇస్తారు. చూపించడమంటే ఇలాగ. ఉపాధి ఆఫీసు బోర్డు మీద రెండు వారాలు ప్రకటన ఉండాలి. వచ్చిన ప్రతి మనిషికీ పని ఇచ్చి చూడాలి. ఎవరు ఎందుకు పనికిరారో ఫారంలో ఒక్కొక్కరికీ కారణం రాయాలి. ఆ ఫారం జూలై 31 లోపు అందాలి. దాటితే చెల్లి ఆఫర్ లెటర్ చిత్తు కాగితం.

పనికి ఏమేం రావాలో మీరే రాయండమ్మా, గౌనుకు చేతులెన్నో కూడా నేను చెప్పలేను అన్నాడు. మంచివాడే. నా కొడుకు వయసుంటుంది, నాకు కొడుకుంటే. నేను తలుపు దాకా వచ్చాక వెనక నుంచి అన్నాడు, మీ చెల్లెలికి కొలతలు తీసినట్టు రాయండి, ఎవరైనా చేసేది అదే.

జూలై 10

నాలుగు షరతులు టీ చల్లారేలోపు అయిపోయాయి. కరెంటు మెషిన్ మీద మూడేళ్ల అనుభవం. అంచు పోగులు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ రావాలి. గౌను చేతికి అల్లిక పట్టీ బిగించడం రావాలి. ఎనిమిది గంటలు కూర్చుని చేయగలగాలి.

ఈ నాలుగూ ఉన్నవాళ్లు ఈ ఊళ్లో వందమంది ఉంటారు.

ఐదోది సాయంత్రం రాశాను. చేతి రఫూలో పదేళ్ల అనుభవం.

అమ్మ డ్రైక్లీనింగ్ షాపులో రఫూ పని చేసేది. ఆమె పోగు మీద పోగు అల్లితే చిరుగు ఎక్కడుండేదో ఆ షాపువాడికే దొరికేది కాదు. మా ఇద్దరికీ నేర్పింది. తమ్ముడికీ నేర్పబోయింది గానీ వాడు బట్టతోపాటు తన వేలునూ కుట్టుకున్నాడు.

ఆసుపత్రి దుప్పటికి రఫూ అక్కర్లేదు. గుడ్డముక్క వేసి వేడి ప్రెస్సు కింద పెడితే అతుక్కుంటుంది. అయినా రాశాను. మేనేజర్ చదివి, రఫూ అంటే ఏమిటమ్మా అన్నాడు. చెప్పాను. ఇది చాలు అన్నాడు.

జూలై 13

ప్రకటన పెట్టారు. ఎవరూ రాకూడదని ప్రార్థించాను. ఇలాంటిది దేవుణ్ణి ఎప్పుడూ అడగలేదు.

జూలై 16, గురువారం

ముగ్గురు వచ్చారు. ఒకతను హోటల్లో వెయిటర్. మెషిన్ ముందు కూర్చోబెడితే పెడల్ ఎక్కడుందని బల్ల మీద వెతికాడు. పాపం, నేర్పిస్తే నేర్చుకుంటానండీ, నేర్పేదాకా జీతం కూడా ఇవ్వాలండీ అన్నాడు. ఒకావిడ గౌన్లు ఇంటికి పట్టుకెళ్లి కుట్టవచ్చా అని అడిగింది. రోగుల గౌన్లు అనేసరికి కుర్చీలోంచి లేచింది. మూడో ఆయనకు చేతులు వణుకుతున్నాయి. ఒకప్పుడు సూట్లు కుట్టాడట. ఆయన సూదిలోకి దారం ఎక్కించేదాకా కూర్చున్నాను. ఎక్కించాడు. అక్కడికే అలిసిపోయాడు.

ముగ్గురికీ కారణాలు రాశాను. మూడూ నిజాలే. ఐదో షరతు దాకా ఎవరూ రాలేదు.

చెల్లికి చెప్పాను. ముగ్గురు పోయారు, ఇంకెందరున్నారో చూడు అంది. దాని గొంతులో సంతోషం. చాలా రోజులైంది అది విని.

జూలై 19, ఆదివారం

తమ్ముడు ఫోన్ చేశాడు. బస్సులో నలభై సీట్లకు ఆరుగురు ఎక్కుతున్నారట, నేను నడిపేది బస్సా ఊరేగింపా తెలియట్లేదు అన్నాడు. చెల్లి కోసం పై గది ఖాళీ చేస్తున్నాడు. మరదలు కర్టెన్లు కూడా ఉతికిందట. వదినా, రంగు బాగా లేకపోతే తనే వచ్చి కొత్తవి కుట్టుకుంటుందిలే అని వెనక నుంచి అరిచింది.

తర్వాత తమ్ముడు గొంతు తగ్గించాడు. ఐదోది భలే పెట్టావు పెద్దక్కా, అబద్ధం ఆడకుండానే ఆడేశావు అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు.

జూలై 22, బుధవారం

ఒకామె వచ్చింది.

నలభై ఎనిమిదట. పొట్టి మనిషి, పెద్ద గొంతు. పంతొమ్మిదేళ్లు విమానాల సీటు కవర్లు కుట్టింది. మార్చి ఆఖర్న అందరినీ ఒకేసారి గేటు బయట నిలబెట్టి కాగితాలు ఇచ్చారట. అమ్మా, ఆ విమానాలు ఇప్పుడు చూడాలి మీరు, పాలివ్వని గేదెల్లా వరసగా నిలబడి ఉన్నాయి అంది. మొగుడు కూడా అక్కడే, సామాన్లు ఎక్కించే పని. ఇద్దరూ ఇంట్లోనే. ఒకరి మొహం ఒకరు ఇంత సేపు పెళ్లప్పుడు కూడా చూసుకోలేదు అంది.

చిరిగిన గౌనూ, అంచు ఊడిన దుప్పటీ ఇచ్చాను. కూర్చోగానే కుట్టలేదు. ముందు ఒక పనికిరాని ముక్క మీద నాలుగు అంగుళాలు కుట్టి, తిప్పి వెనక వైపు చూసి, దారం బిగువు మర అర చుట్టు తిప్పింది. పని వచ్చినవాళ్లు మాత్రమే అలా చేస్తారు. దుప్పటి అంచు ఒక్క గుక్కలో లాగేసింది. అల్లిక పట్టీ ఎప్పుడూ బిగించలేదట. ఒక్కసారి చేసి చూపించమంది. రెండోసారి తనే బిగించింది. ఎక్కడా ముడత లేదు. గడియారం చూశాను. నేను తీసుకునే దానికంటే తక్కువ సేపు.

అప్పుడు రఫూ సంగతి అడిగాను.

రాదు అంది. దాచలేదు. మరి ఆసుపత్రి దుప్పటికి రఫూ ఎందుకమ్మా, రోగి భూతద్దం పెట్టుకుని పడుకుంటాడా అని నవ్వింది. 

వెళ్తూ వెళ్తూ అంది, బయటివాళ్లకి గేటు మూశారు కాబట్టిగానీ లేకపోతే నాలాంటిదానికి పిలుపు వచ్చేదా అని. తర్వాత నన్ను తేరిపార చూసి, మీరేమీ అనుకోకండి, మీరు ముందే వచ్చేశారు కదా అంది. ఏమీ అనుకోలేదన్నాను. మనిషి మీద కోపం రాలేదు. వస్తే బాగుండేది, పని తేలికయ్యేది.

జూలై 23

ఫారంలో నాలుగో వరస. పేరు రాశాను. వయసు రాశాను. పరీక్ష తేదీ రాశాను. తిరస్కరణకు కారణం అనే గడి దగ్గర పెన్ను ఆపి, కాసేపు చూసి, మూత పెట్టేశాను.

మేనేజర్ కిందికి వచ్చి అడిగాడు. రఫూ రాదన్నాను. మరి రాసెయ్యండి, నిజమే కదా అన్నాడు.

నిజమే.

జూలై 24, శుక్రవారం, ఉదయం

షిఫ్టుకు వెళ్లేముందు చెల్లికి ఫోన్ చేశాను. ఎవరైనా వచ్చారా అంది. ఒకామె అన్నాను. రఫూ వచ్చా అంది. రాదన్నాను. అయితే ఇంకేం, గడి నింపెయ్ అని నవ్వింది.

నేను నవ్వలేదు.  తర్వాత అడిగింది, కుట్టు ఎలా ఉంది. పని కావలసిన మనిషి అడిగినట్టు కాదు, పనితనం తెలిసిన మనిషి అడిగినట్టు అడిగింది. బాగుంది అన్నాను. ఎంత బాగుంది అంది. చెప్పాను, దుప్పటి అంచు, అల్లిక పట్టీ, అంతా. నాకంటే బాగానా అంది.

వేగం ఆమెది, నీటు నీది అన్నాను.

అప్పుడు అందుకుంది. పెద్దక్కా, ఆమె వేగం కొలవడానికా నిన్ను అక్కడ కూర్చోబెట్టింది? నీకు సత్యం ఇప్పుడు గుర్తొచ్చిందా? ఆ ఐదోది రాసిన రోజు అది ఎక్కడికి వెళ్లింది, ఊరెళ్లిందా? నా మెషిన్లు అమ్మమన్న రోజు ఎక్కడుంది? ఒక్కమాట కూడా అబద్ధం రాయమనట్లేదు నిన్ను, రఫూ రాదు అని రాయమంటున్నా, ఆ మనిషే చెప్పింది కదా రాదని.

అన్నీ సరైన మాటలే.  బస్సు వస్తోందని చెప్పి పెట్టేశాను. బస్సు రావడానికి ఇంకా పావుగంట ఉంది.

జూలై 25

తమ్ముడూ మరదలూ వచ్చారు. ఇళ్లలోకి వెళ్లకూడదు కాబట్టి వాళ్లు మెట్ల కింద, నేను గడప మీద. గొడవ పడాలన్నా గట్టిగా పడాల్సి వచ్చింది. ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

ఆమె నీకేమవుతుంది, చెల్లి నీకేమవుతుంది, అది చెప్పు చాలు అన్నాడు తమ్ముడు. మరదలు వాడి చొక్కా లాగి, వదిన ఇంకా ఏం చేయలేదు కదా, అప్పుడే ఎందుకు అరుస్తారు అంది. చేయకముందే అరవాలి, చేశాక అరిస్తే ఏం లాభం అన్నాడు. తర్వాత మాస్కు కిందికి లాగి మొహం తుడుచుకున్నాడు. చిన్నప్పుడు నువ్వు మాకు అన్నం పెట్టి నువ్వు తినేదానివి, అదే అక్కవి కదా నువ్వు అన్నాడు.

ఇది నన్ను మెత్తబరచడానికే అన్నాడు. మెత్తబడ్డాను కూడా. లోపలికి వెళ్లి ఫారం తీశాను. రఫూ రాదు, రెండు మాటలు. రాయలేదు. ఇస్త్రీ చేసినట్టు మడత పెట్టి సంచిలో పెట్టుకున్నాను.

జూలై 26, ఆదివారం

ఉదయం ప్రార్థనలో గుర్తొచ్చింది. మర్చిపోయానని చెప్పను. ఎప్పుడూ పక్కకు తీసి చూడలేదు.

నేను వచ్చిన మొదటి వారం, అప్పటి సూపర్‌వైజరమ్మ నాకు టీ పోస్తూ చెప్పింది. నిన్ను తెప్పించడానికి ఒక తమాషా చేశానమ్మాయ్, ఇక్కడెవరికీ రాదని రఫూ రావాలని రాశాను అని. ఇద్దరం నవ్వుకున్నాం. నా పనితనాన్ని పొగిడిందనుకుని ఇంటికి ఉత్తరం కూడా రాశాను. అమ్మ నేర్పిన రఫూ వల్లే ఉద్యోగం వచ్చిందని.

ఇరవై ఆరేళ్లలో ఈ లాండ్రీలో నేను ఒక్క రఫూ చేయలేదు.

అంటే ఐదోది నేను కనిపెట్టింది కూడా కాదు. ఎత్తిరాసిందే. ఆ ఏడాది కూడా ఒక ఫారం ఉండి ఉంటుంది. అందులో నాలుగూ ఉండి వెనక్కి వెళ్లిన మనిషి ఒకరు ఉండి ఉంటారు. ఆమె ఎవరో, తర్వాత ఏం చేసిందో ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆలోచించకుండానే ఆమె కుర్చీలో కూర్చున్నాను, దాని మీద దిండు కూడా వేసుకున్నాను.

చెల్లికి ఇది చెప్పాలని ఫోన్ తీశాను. చెప్తే ఏమంటుందో తెలుసు. నువ్వు కూర్చున్నావుగా, నేను కూర్చుంటే తప్పేంటి అంటుంది. అదీ సరైన మాటే. ఫోన్ పెట్టేశాను.

జూలై 27, సోమవారం, ఉదయం 5 గంటలు

అడగాల్సింది అడిగాను. జవాబు రాలేదు. ఎనిమిదికి షిఫ్టు.

సాయంత్రం

భోజనాల వేళ ఫారం నింపాను. తిరస్కరణకు కారణం అన్న చోట ఇలా రాశాను: తిరస్కరించడం లేదు. పనికి తగిన మనిషి. ఐదో షరతు ఈ పనికి అవసరం లేనిది. నేను రాసిన తప్పు.

మేనేజర్ నిలబడి చదివాడు. తర్వాత కూర్చుని చదివాడు. అమ్మా, ఇది వెళ్తే రేపు ఉపాధి ఆఫీసువాళ్లు వచ్చి పాత ఫారాలన్నీ తిరగేస్తారు, మీరొక్కరే కాదు నేనూ ఇంటికెళ్తాను అన్నాడు. ఆమెను తీసుకోవాలనుకుంటే తీసుకోండి, ఎంపికైంది అని ఒక్క మాట చాలు, తప్పు ఒప్పుకోవడాలు ఇంటి దగ్గర దేవుడి ముందు చేసుకోండి అన్నాడు. కాగితం నిలువునా చించి, కొత్త ఫారం ఇచ్చాడు.

ఎంపికైంది అని రాశాను.

ఇప్పటికైనా మీ చెల్లెలి సంగతేమిటని అతను అడుగుతాడేమో అని చూశాను. అడిగాడు. నేను చెప్పుకుంటానన్నాను.

జూలై 28

చెప్పాను. నన్ను రఫూ పేరుతో తెప్పించిన పాత సూపర్‌వైజరమ్మ సంగతి చెప్పలేదు. నిన్ను కాదని ఆమెను తీసుకున్నాను అని మాత్రం చెప్పాను. సాకులు కలిపితే నా బరువు కొంత చెల్లి మీద పెట్టినట్టవుతుంది.

సరే అక్కగారూ అంది.

నలభై ఒక్కేళ్లలో నన్ను గారు అనడం ఇదే మొదలు. పెట్టేసింది.

ఆగస్టు 3, సోమవారం

సీటు కవర్ల ఆవిడ చేరింది. రెండో మెషిన్ దగ్గర కూర్చోబెట్టాను. పొద్దున్న నుంచి సాయంత్రం దాకా నోరు ఆగలేదు, చేయీ ఆగలేదు. మొగుడికి వంట నేర్పుతోందట, మనిషి ఉల్లిపాయ తరుగుతుంటే విమానం కూలినంత హడావుడి చేస్తాడు అంది. సాయంత్రానికి నూట పది గౌన్లు పైకి వెళ్లాయి. నేనొక్కతెనే ఉన్నప్పుడు అరవై దాటేవి కావు.

అక్కా అని పిలవచ్చా మిమ్మల్ని అని అడిగింది. వద్దన్నాను. మొహం చిన్నబుచ్చుకుంది. అందరూ అమ్మా అంటారు, అలాగే అను అని సర్దాను.

ఆగస్టు 9

చెల్లి ఫోన్ ఎత్తడం లేదు. పన్నెండు రోజులు. తమ్ముడూ ఎత్తడం లేదు. మరదలు మాత్రం మెసేజ్ పెడుతుంది. అన్నీ ఒకటే రకం: మీ తమ్ముడికి చెప్పకండి వదినా, వారు బాగానే ఉన్నారు. పై గది మళ్లీ సామాన్లతో నింపేశారు.

ఆగస్టు 12, బుధవారం

మరదలు రాసింది. చెల్లి పనిలో చేరిందట. తన మెషిన్లు కొన్నవాడి దగ్గరే. కూలికి. తన మెషిన్ మీదే.

ఇవాళ చేతిలో గుడ్డ రెండుసార్లు సూది కింద వంకరపోయింది. ఆవిడ చూసి మెషిన్ ఆపి, లేచి వెళ్లి టీ తెచ్చింది. ఏమైందని అడగలేదు. ఆ మనిషి నోరు మూసుకోవడం అదే మొదటిసారి.

ఆగస్టు 20

ఇస్త్రీ మాస్టారి నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడకు చెప్పేశాడు, ఈ కుర్చీ సూపర్‌వైజరమ్మ చెల్లెలిది అని.

పొద్దున్న వచ్చి మెషిన్ మీద కవరు తీయకుండా నిలబడింది. నిజమేనా అంది. నిజమే అన్నాను. థాంక్స్ చెప్పాలో సారీ చెప్పాలో తెలియక దారి పొడవునా తన్నుకులాడుతూ వచ్చాను, ఏది చెప్పినా తిట్టేలా ఉన్నారు మీరు అంది. ఏదీ అక్కర్లేదన్నాను.

ఊరుకోలేదు. నేను మానేస్తే ఆ అమ్మాయి రాగలదా అని అడిగింది. రాలేదు, గడువు అయిపోయింది అన్నాను. పెద్దగా ఊపిరి వదిలింది. అమ్మయ్య, అడిగాను కదా, ఇక నేను మనిషిననిపించుకున్నాను, మీరు అవునని ఉంటే చచ్చి ఉండేదాన్ని అంది. అని, తను అన్నది తనే విని, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

నాకు నవ్వొచ్చింది. జూలై తర్వాత నవ్వడం ఇదే. ఇద్దరం చెరో మెషిన్ మీద తల వాల్చి నవ్వాం. తర్వాత ఆమె ఏడ్చింది. నేను గౌన్లు లెక్కపెట్టాను.

సెప్టెంబర్ 6, ఆదివారం

తమ్ముడి బస్సు ఎక్కాను, తెలియక. ఎక్కాక చూశాను. టికెట్ ఇచ్చే చోట గాజు అద్దం ఉంది. వాడు నన్ను చూశాడు, రోడ్డు చూశాడు. నా స్టాపు దగ్గర బస్సును ఫుట్‌పాత్ అంచుకు ఆనించినట్టు ఆపాడు, నేల మీద నీళ్లున్నాయని. దిగి, బస్సు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను.

సెప్టెంబర్ 29

ఉత్తర్వును వచ్చే మార్చి దాకా పొడిగించారు. భోజనాల గదిలో ఎవరూ టీవీ వైపు తిరగలేదు. ఇస్త్రీ మాస్టారు చప్పట్లు కొట్టలేదు. అల్లుడికి ఇంకా పని దొరకలేదు.

అక్టోబర్ 11, ఆదివారం, ఉదయం 6.40

ఫోన్ మోగింది. చెల్లి.

ఎత్తి, చిన్నీ అన్నాను. మాట్లాడలేదు. ఫోన్ ఎక్కడో బల్ల మీద పెట్టిన చప్పుడు. తర్వాత మెషిన్ నడవడం మొదలైంది. పొడుగు అంచు, ఆపకుండా. మూల దగ్గర తిరగడం, మళ్లీ పొడుగు అంచు. గదిలో నిలబడే విన్నాను. పదకొండు నిమిషాలు.

బాబిన్ దారం లూజుగా ఉంది అన్నాను.

మెషిన్ ఆగింది. తెలుసు అంది.

ఫోన్ పెట్టేయలేదు. మళ్లీ కుడుతోంది.